పాత కంప్యూటర్‌కి ఏ లినక్స్ డెస్క్‌టాప్ పెట్టాలి?

లినక్స్ ఒకటే అయినా, తెర మీద మెనూలు, ప్యానెల్ మీరు ఎంచుకున్న డెస్క్‌టాప్‌ని బట్టి మారతాయి. ముందు మీ కంప్యూటర్‌లో ర్యామ్ ఎంతుందో చూసుకోండి.

2 జీబీ అయితే: ఎల్ఎక్స్‌క్యూటీ లేదా ఎక్స్ఎఫ్‌సీఈ. రెండూ తేలికైనవే. బ్రౌజర్‌లో మాత్రం ఒకటి రెండు ట్యాబ్‌లే తెరవండి.

4 జీబీ, ఆపైన: కేడీఈ ప్లాస్మా. విండోస్ అలవాటున్నవారికి సులువు.

8 జీబీ: గ్నోమ్ కూడా హాయిగా నడుస్తుంది.

ఐ3: ఇది విండో మేనేజర్ మాత్రమే. పనంతా ఎక్కువగా కీబోర్డుతోనే. కొత్తవాళ్లకి ఇప్పుడే వద్దు.

తెలుగు టైపింగ్: గ్నోమ్‌లో కీబోర్డు సెట్టింగ్స్‌కి వెళ్లి తెలుగు చేర్చితే చాలు. తేలికవాటిలో చాలాసార్లు ఐబస్ విడిగా పెట్టుకోవాలి. అది మరిచిపోతే పిల్లలు తెలుగు హోంవర్క్ కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు.

ఒకే కంప్యూటర్‌లో రెండు డెస్క్‌టాప్‌లు పెట్టుకుని, లాగిన్ అయ్యేటప్పుడు మార్చి చూడొచ్చు. మీ ఫైళ్లు అలాగే ఉంటాయి. పాత సామాన్లకి వేసేముందు ఒక్కసారి ప్రయత్నించండి.