బొమ్మల పేకయు, జోస్యమును



సంతలో చిలుకజోస్యము చెప్పువాడు కవరులు వరుసగా పేర్చి పంజరపు తలుపు తీయగా, చిలుక వచ్చి ముక్కుతో నొక కవరు లాగుట మీరెల్లరు చూచినదే. దానిలోని బొమ్మను పట్టుకొని యతడు మన కథ మనకు చెప్పును. ఐరోపా ఖండమున నిట్టి పనికే వాడబడు పేకముక్కలు కలవు. వానిని టారో అందురు. కట్టకు 78 ముక్కలు. ఇవి యెక్కడ పుట్టినవి, జోస్యములోనికి ఎప్పుడు దిగినవి, పుస్తకము విప్పక కేవలము బొమ్మను చూచి తోచినది చెప్పు పద్ధతి యెట్లు వచ్చినది, అను చరిత్రమును నేడు మనవి చేయదలచితిని. నేనును ఒక యేడాదికాల మీ విద్య నేర్చి పదిమందికి చెప్పినవాడనే. కనుక చదివినదానితోపాటు అనుభవించినదియు గొంత చెప్పగలను.

ఐరోపావారికి పేకాట తూర్పునుండి వచ్చినది. 1377 నాటికే ఫ్లోరెన్సు నగరమున నీ యాటను కట్టడి చేయుచు నొక శాసనము పుట్టెను. ఈజిప్టు నేలిన మమ్లూకు సుల్తానుల కాలపు ముక్కలు కొన్ని ఇస్తాంబూలు నగరమున టోప్‌కాపీ మ్యూజియములో నేటికిని ఉన్నవి. వానిలో నాలుగు జాతులు: పాత్రలు, నాణెములు, కత్తులు, పోలో ఆడు కఱ్ఱలు. పోలో యెఱుగని ఇటలీవారు ఆ కఱ్ఱలను దుడ్డుకఱ్ఱలుగా మార్చుకొనిరి. ఆ ముక్కలమీద 'కంజిఫా' అను మాట కనబడుచున్నది. నిర్మల చిత్రకారులు రంగులు వేసి చేసిన గుండ్రని గంజిఫా ముక్కలను గూర్చి వినిన పెద్దలకు ఆ పేరు క్రొత్త కాదు.

ఈ నాలుగు జాతులకు ఇటలీ ఉత్తరభాగమున 1440 ప్రాంతమున మఱి 22 బొమ్మ ముక్కలు చేర్చిరి. చక్రవర్తి, ప్రేమికులు, అదృష్టచక్రము, మృత్యువు, సూర్యుడు, చంద్రుడు మొదలగునవి. ఇవి తక్కిన ముక్కలన్నిటిని గెలుచును గనుక 'త్రియోన్ఫీ', అనగా విజయములు, అని పేరిడిరి. మనము పేకాటలో 'తురుపు' అనుమాట కూడ దూరపు చుట్టరికమున దీనికే చేరునందురు. మిలాను ప్రభువులకై బంగారు రేకుపై వ్రాయించిన కట్ట యొకటి 74 ముక్కలతో నిలిచి, కొంత న్యూయార్కులోను, కొంత ఇటలీలోని బెర్గామోలోను ఉన్నది. ఇంతకును అది యాట. మూడువందల యేండ్లకు పైగా ప్రధానముగా ఆటగానే సాగినది. ఫ్రాన్సు దేశమున నేటికిని 78 ముక్కలతో ఆడుదురు.

మఱి జోస్యమెక్కడిది? 1781లో పారిసు నగరమున కూర్ ద జెబెలిన్ అను పండితుడు తన మహాగ్రంథపు ఎనిమిదవ సంపుటమున, ఈ ముక్కలు ఈజిప్టు పూజారుల ప్రాచీన జ్ఞానగ్రంథమనియు, థోత్ అను దేవత పుస్తకమనియు వ్రాసెను. ఆనాటికి ఈజిప్టు లిపిని చదువగలవాడు లోకమున ఒక్కడును లేడు. షాంపోల్యోన్ దానిని ఛేదించినది 1822లో. చదువరాని లిపికి ఏ యర్థము చెప్పినను కాదనువాడెవడు? పిమ్మట ఎతెయ్యా అను పేరు పెట్టుకొన్న పారిసు జోస్యుడొకడు, తన యింటిపేరు అల్లియెత్ అనుదానిని వెనుకనుండి చదివి చేసికొన్న పేరది, ఒక్కొక ముక్కకు ఒక్కొక యర్థము కట్టి 1785లో పుస్తకము ప్రకటించెను. నేర్చువాడు 78 ముక్కలకును, అవి తలక్రిందుగా పడినప్పటికిని, వేర్వేరు ఫలములు కంఠస్థము చేయవలసియుండెను.

ఈ భారమును దించినది ఒక స్త్రీ. పమేలా కోల్మన్ స్మిత్ 1878లో లండనులో పుట్టి, కొంతకాలము జమైకా ద్వీపమున పెరిగి, అమెరికాలో చిత్రలేఖనము నేర్చినది. 1909లో వెయిట్ అను గ్రంథకర్త కోరగా కొద్ది నెలలలో టారో కట్ట మొత్తమునకు బొమ్మలు వ్రాసియిచ్చెను. అంతకుముందు వాడుకలోనున్న కట్టలలో 'అయిదు పాత్రల' ముక్కమీద అయిదు పాత్రలే యుండును. మన ఆఠీను అయిదుపై అయిదు గుర్తులున్నట్లు. దానిని చూచి చెప్పుట కేమున్నది? ఈమె ఆ ముక్కపై నల్లని దుప్పటి కప్పుకొని తల వంచి నిలిచిన మనుష్యుని వ్రాసెను. అతని యెదుట మూడు పాత్రలు ఒలికి పడియున్నవి. వెనుక రెండు నిలిచియున్నవి; అతడు చూచుటలేదు. ఆవల నొక యేరు, దానిపై వంతెన. ఇక నిఘంటువుతో పని యేమి? ఆమె ఈ పనికి బహు స్వల్పమైన సొమ్ము మాత్రమే ముట్టినదని మిత్రునికి జాబు వ్రాసికొన్నది. కట్ట ప్రకాశకుని పేరను, వెయిట్ పేరను లోకమంతట వ్యాపించెను. ఆమె 1951లో అప్పులతో కన్నుమూసెను. నాకీ చరిత్రమంతటిలో మనసు కలచు సంగతి యిదియే.

ఈ బొమ్మల మూలముననే 1970 తరువాత అమెరికాలో క్రొత్త బోధకులు బయలుదేరిరి. అర్థములు వల్లింపకుడు, బొమ్మలోని మనుష్యుడు ఎటు చూచుచున్నాడో, ఆకాశ మెట్లున్నదో, మీ కన్ను మొదట దేనిపై నిలిచినదో గమనింపుడు, తోచినది పుస్తకమున వ్రాసికొనుడు అని వారి యుపదేశము.

నేను నేర్చినదియు నట్లే. ప్రొద్దున నొక ముక్క తీసి, పావుగంట చూచి, తోచినది వ్రాయువాడను. ఒకనాడు మా పినతండ్రి కుమార్తె వచ్చి, "అన్నయ్యా, నాకును చూడవూ?" అనెను. భర్త పోయిన మనిషి. తీయగా అయిదు పాత్రలే వచ్చినవి. "ఒలికినవే చూచుచున్నావమ్మా, నిలిచినవి రెండున్నవి" అంటిని. ఆమె భోరున నేడ్చి, కొడుకు వ్యాపారమునకై తనకు మిగిలిన రెండెకరముల మాగాణిని అమ్మబోవుచున్న సంగతి చెప్పెను. అమ్మకము మానుకొన్నది. ఊరంతయు నాకేదో సిద్ధించినదనిరి. నేనును అట్లే తలచితిని. నెల తిరుగకమునుపే మఱియొకనికి అదే ముక్క వచ్చినది, అదే మాట చెప్పితిని. ఆ రెండు పాత్రలు తన యిద్దరు కొడుకులే యని యతడు నా చేతులు పట్టుకొనెను.

అప్పుడు నాకు అనుమానము కలిగెను. 1948లో ఫోరర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 39 మంది విద్యార్థులకు, ఎవరిది వారికే వ్రాసినట్లు నమ్మించి, ఒకే స్వభావవర్ణన నిచ్చెను. దానిని కూర్చినది అంగడిలో దొరకు జోస్యపు పుస్తకమునుండి. తమకెంత సరిపోయినదో 5 మార్కులకు వేయుమనగా సగటు 4.26 వచ్చెను. నా రెండు పాత్రల మాటయు నట్టిదే. మా చెల్లెలి మొగము, చెరగు నలుపుచున్న చేతులు నా కంటబడినవి. నేను చదివినది ముక్కను గాదు. కాని బొమ్మ లేనిచో ఆమె నోరు విప్పియుండునా యని యడిగిన, విప్పియుండదనియే నా నమ్మకము.

కట్ట మూసినది వేఱొక రాత్రి. పది దినములుగా జ్వరముతోనున్న బిడ్డ నింట విడిచి తండ్రి యొకడు నా గడప యెక్కి, ఆసుపత్రికి తీసికొనిపోవలెనా వలదా, ముక్క తీసి చెప్పుమనెను. నా చేతులు వణికినవి. కట్టను పెట్టెలో వైచి, బండి పిలిపించి వారిని పంపితిని. బిడ్డ దక్కినది. ముక్క తీసియున్నచో, సూర్యుడు వచ్చియున్నచో, నేనేమి పలికియుందునో నాకే తెలియదు.

ఆ కట్ట యిప్పుడు మా మనుమని చేతిలో నున్నది. ఫ్రాన్సువారి ఆట నేర్చుకొని, నలుగురిని కూర్చుండబెట్టి, మృత్యువు ముక్కతో నా రాజును నిన్ననే కొట్టెను.