ఆనా పౌకెర్ (1893–1960) రాజకీయ జీవితం: చరిత్ర రచనలో ఆధారాల సమస్య

కీలకపదాలు: రొమేనియా, ఆనా పౌకెర్, కమ్యూనిస్టు పార్టీ, యూదులు, సమష్టి వ్యవసాయం, చరిత్ర రచన

ప్రవేశిక

1947 నవంబరులో ఆనా పౌకెర్ రొమేనియా విదేశాంగ మంత్రిగా బాధ్యతలు స్వీకరించింది. ఆధునిక ప్రపంచంలో ఆ పదవిని చేపట్టిన తొలి మహిళగా చరిత్రకారులు ఆమెను పేర్కొంటారు. రొమేనియా స్త్రీలకు పురుషులతో సమానంగా ఓటుహక్కు లభించినది 1946లోనే అన్న సంగతిని గుర్తుంచుకుంటే ఈ నియామకం ఎంత అసాధారణమైనదో బోధపడుతుంది. 1948 సెప్టెంబరులో అమెరికా వారపత్రిక 'టైమ్' ఆమె చిత్రాన్ని ముఖపత్రంపై ప్రచురించి, జీవించి ఉన్న స్త్రీలందరిలోనూ అత్యంత శక్తిమంతురాలిగా అభివర్ణించింది. ఆపై నాలుగేళ్లు నిండకముందే ఆమె పదవీచ్యుతురాలైంది. సొంత పార్టీయే ఆమెను నిర్బంధించింది. ఆమె మరణానంతరం స్టాలిన్ యుగపు అకృత్యాలకు ఆమె పేరే పర్యాయపదమైంది. ఈ ముద్రలో ఎంత భాగం ఆమె చేతలనుంచి వచ్చింది, ఎంత భాగం ప్రత్యర్థుల కలంనుంచి వచ్చింది అన్నది ఈ వ్యాసంలో ప్రధాన పరిశీలనాంశం.

బాల్యం – ఉద్యమ ప్రవేశం

ఆనా 1893 ఫిబ్రవరి 13న మొల్దావియా ప్రాంతంలోని కొడయెష్టి గ్రామంలో నిష్ఠాపరులైన యూదు కుటుంబంలో జన్మించింది. పుట్టింటి పేరు హన్నా రాబిన్సోన్. తండ్రి యూదు మతవిధి ప్రకారం పశువులను వధించే వృత్తిలో ఉండేవాడు. అది మతపరంగా గౌరవమున్న పనే గాని కలిమినిచ్చే పని కాదు. ఆ కాలపు రొమేనియాలో యూదులలో అత్యధికులకు పౌరసత్వమే లేదు. 1923 రాజ్యాంగం వచ్చేవరకు వారు పుట్టిన దేశంలోనే పరదేశీయులుగా పరిగణింపబడ్డారు. బుకారెస్ట్‌లో యూదు పిల్లలకు హీబ్రూ బోధించే ఉపాధ్యాయినిగా పనిచేసిన ఆనా, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సోషలిస్టు ఉద్యమంలో చేరింది. ఆమె సోదరుడు జియోనిస్టు మార్గాన్ని ఎంచుకున్నాడు. పౌరసత్వం నిరాకరించిన దేశంలో ఒకే ఇంటి పిల్లలు వెదకిన రెండు దారులివి.

1921లో ఆమె మార్సెల్ పౌకెర్‌ను వివాహమాడింది. 1922లో దంపతులిద్దరూ కమ్యూనిస్టు పార్టీ కేంద్రసంఘానికి ఎన్నికయ్యారు. 1924లో పార్టీ నిషేధానికి గురైంది. తదుపరి దశాబ్దం అజ్ఞాతవాసంలోను, ప్రవాసంలోను గడిచింది. మాస్కోలో కొమింటర్న్ శిక్షణ పొంది, పారిస్‌లో ఆ సంస్థ తరఫున పనిచేసింది.

చెర – మాస్కో

స్వదేశానికి రహస్యంగా తిరిగివచ్చిన ఆనా 1935 జులైలో పోలీసులకు చిక్కింది. తప్పించుకునే ప్రయత్నంలో ఆమె కాళ్లకు తూటాలు తగిలాయి. 1936లో క్రయోవా నగరంలో సాగిన విచారణ అంతర్జాతీయంగా ఆమె పేరును మార్మోగించింది. పదేళ్ల కారాగార శిక్ష పడింది.

ఆమె జైలులో ఉండగానే, 1938లో, సోవియట్ యూనియన్‌లో మార్సెల్‌ను స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. భర్తను ఆమే పట్టించిందన్న వదంతి ఆ తరువాత దశాబ్దాలపాటు వ్యాపించింది. అప్పుడామె రొమేనియా జైలు గోడల మధ్య ఉన్నదన్న సాధారణ వాస్తవం కూడా ఆ వదంతిని అడ్డుకోలేకపోయింది. ఒక్కసారి 'కఠినురాలు' అన్న ముద్రపడిన స్త్రీ విషయంలో తేదీలను సరిచూసే ఓపిక లోకానికి ఉండదు కాబోలు.

1941 మే నెలలో ఖైదీల మార్పిడిలో భాగంగా సోవియట్ యూనియన్ ఆమెను విడిపించుకుంది. మరుసటి నెలలోనే జర్మనీతో కలిసి రొమేనియా ఆ దేశంపై దండెత్తింది. యుద్ధకాలమంతా మాస్కోలో ప్రవాస కమ్యూనిస్టులకు నాయకత్వం వహించిన ఆనా, 1944 సెప్టెంబరులో సోవియట్ సైన్యం అడుగుపెట్టిన బుకారెస్ట్‌కు చేరుకుంది.

అధికారం

1945 అక్టోబరులో పార్టీ ప్రధానకార్యదర్శి పదవి ఆమెకు కాక గెయోర్గె గెయోర్గియు-దేజ్‌కు దక్కింది. రైల్వే కార్మికుడైన దేజ్ స్వదేశపు జైళ్లలోనే ఏళ్లు గడిపినవాడు. తాను స్త్రీని, యూదును, మేధావివర్గానికి చెందినదానిని కనుక ఆ పదవికి తగనని తానే తప్పుకున్నట్లు ఆనా అనంతర కాలంలో వివరించింది. మిగిలిన కార్యదర్శులైన వసిలె లూకా, తెయొహారి జ్యోర్జెస్కులతో పాటు ఆమె కూడా అధికార కేంద్రంలోనే నిలిచింది.

ఈ దశను సానుభూతితో దాటవేయరాదు. 1946 నవంబరు ఎన్నికల ఫలితాలను తారుమారు చేసినదీ, 1947లో జాతీయ రైతు పార్టీ నేత యూలియు మనియును విచారించి యావజ్జీవ ఖైదు విధించినదీ, అదే ఏడాది డిసెంబరు 30న మిహాయి రాజు చేత సింహాసనాన్ని వదిలింపజేసినదీ ఈ నాయకత్వమే. ఆమె ఇందులో ప్రేక్షకురాలు కాదు. విదేశాంగ మంత్రిగా 1948 ఆగస్టులో బెల్‌గ్రేడ్‌లో జరిగిన డాన్యూబ్ సమావేశంలో సోవియట్ పక్షానే నిలిచింది. ఆ నదిపై నౌకాయాన నియంత్రణనుంచి బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికాలను తొలగించిన ఒప్పందం అక్కడ కుదిరింది. ఎండకాస్తున్నా ఆమె గొడుగు పట్టుకుని తిరుగుతుందనీ, మాస్కోలో వాన పడుతోంది గదా అని కారణం చెబుతుందనీ బుకారెస్ట్ ప్రజలు చెప్పుకున్న హాస్యోక్తి ఊరక పుట్టలేదు. భారత–రొమేనియా దౌత్యసంబంధాలు ఆమె మంత్రిత్వ కాలంలోనే, 1948లో, ఆరంభమైనాయి.

రైతు సమస్య

1949 మార్చిలో పార్టీ సమష్టి వ్యవసాయాన్ని విధానంగా ప్రకటించింది. వ్యవసాయ వ్యవహారాల బాధ్యత ఆనాది. రొమేనియా పార్టీ పత్రాలను పరిశీలించిన చరిత్రకారుడు రాబర్ట్ లెవీ 2001లో ప్రచురించిన ఆమె జీవితచరిత్రలో ఒక ఆసక్తికరమైన అంశాన్ని వెలికితీశాడు. రైతులను బలవంతంగా సమష్టి క్షేత్రాలలోకి నెట్టడాన్ని ఆమె వ్యతిరేకించింది. 1950 వేసవిలో క్యాన్సర్ చికిత్సకై ఆమె దూరంగా ఉన్న కాలంలోనే నిర్బంధ సమష్టీకరణ ఉద్ధృతమైంది. తిరిగివచ్చిన తరువాత ఆమె ఆ పద్ధతులను ఖండించింది. యూదుల వలస విషయంలోనూ ఆమె వైఖరి సడలింపు వైపే ఉన్నదని లెవీ నిర్ణయం. 1950–52 మధ్య సుమారు లక్షమంది యూదులు ఇజ్రాయెల్‌కు తరలివెళ్లగలిగారు.

పతనం

1952 మే నెలలో ఆనా, లూకా, జ్యోర్జెస్కులు పార్టీ నాయకత్వంనుంచి తొలగింపబడ్డారు. జులైలో మంత్రిపదవి పోయింది. సోవియట్ కూటమి అంతటా యూదు వ్యతిరేకత 'విశ్వపౌరవాదంపై పోరాటం' అనే ముసుగులో విజృంభించిన కాలమది. ఆమెను 1953 ఫిబ్రవరి 18న అరెస్టు చేశారు. మార్చి 5న స్టాలిన్ మరణించాడు. ఏప్రిల్‌లో ఆమెను విడుదల చేసి గృహనిర్బంధంలో ఉంచారు. తన భర్తను చంపించి, తననూ బలిపీఠం దాకా తెచ్చిన ఆ నేత మరణవార్త విని ఆమె విలపించినట్లు లెవీ నమోదు చేశాడు. ఆమె విశ్వాసపు లోతును, అందులోని విషాదాన్ని ఇంతకన్న స్పష్టంగా తెలిపే ఘట్టం మరొకటి లేదు. లూకా అంత అదృష్టవంతుడు కాలేదు. 1954లో విధించిన మరణశిక్ష యావజ్జీవంగా మారినా, 1963లో జైలులోనే కన్నుమూశాడు.

చివరి సంవత్సరాలలో ఆనా ఒక ప్రచురణ సంస్థకు ఫ్రెంచి, జర్మన్ భాషలనుంచి అనువాదాలు చేసింది. పుస్తకాలపై ఆమె పేరు ఉండేది కాదు. 1960 జూన్ 3న క్యాన్సర్‌తో మరణించింది.

రెండు ఆరోపణలు

1961 చివరలో జరిగిన పార్టీ ప్లీనంలో దేజ్, సమష్టీకరణ కాలంలో 80,000 మందికి పైగా రైతులు అరెస్టయ్యారనీ, వారిలో 30,000 మందికి పైగా బహిరంగ విచారణలకు గురయ్యారనీ వెల్లడించి, ఆ నేరాన్ని ఆనా, లూకా, జ్యోర్జెస్కులపై మోపాడు. సమాధానం చెప్పడానికి ఆమె జీవించి లేదు. అయితే 1952లో ఆమెపై ఇదే దేజ్ వర్గం మోపిన అభియోగాలలో ముఖ్యమైనది, ధనిక రైతుల పట్ల మెతకగా ఉండి సమష్టీకరణను అడ్డుకున్నదన్న 'మితవాద విచలనం'. తొమ్మిదేళ్లలో అడ్డుకున్న వ్యక్తి బలవంతపెట్టిన వ్యక్తిగా మారింది. సమష్టీకరణ పూర్తయినట్లు 1962లో సగర్వంగా ప్రకటించినదీ దేజే.

పరిశోధకునికి ఇక్కడొక చిక్కుంది. ఆనా మితవాద వైఖరికి లభించే ఆధారాలలో గణనీయమైన భాగం ఆమెను దోషిగా నిరూపించదలచినవారు సేకరించినదే. విచారణాధికారుల ముందు ఆమె ఇచ్చిన వాంగ్మూలాలు ఆత్మరక్షణకై పలికినవి. లెవీ ఆశ్రయించిన కుటుంబసభ్యుల ముఖాముఖీలలో ఆప్తుల మమకారం కలిసి ఉంటుంది. కనుక 1949–51 నాటి పార్టీ సమావేశాల సమకాలిక నమోదులకు, అనగా పతనానికి ముందు, ఎవరూ ఎవరినీ నిందించవలసిన అవసరం ఇంకా ఏర్పడని రోజుల్లో రాసుకున్న పత్రాలకు, మిగిలినవాటికన్న ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉంటుంది. బలవంతపు పద్ధతులపై ఆమె అభ్యంతరాలు ఆ పత్రాలలోనూ కనిపిస్తాయి. ఆ అభ్యంతరాలు చెప్పిన వ్యక్తే ప్రతిపక్ష నాయకులను చెరకు పంపిన నాయకత్వంలో కూర్చున్నదన్న సంగతిని మాత్రం అవి చెరిపివేయవు.