మోరా దాకా తొంభై కిలోమీటర్లు

క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌కు లిఫ్టు అక్కర్లేదు, నిట్రమైన కొండవాలు అక్కర్లేదు. కాళ్ళకు పొడవాటి సన్నని పలకలు, చేతుల్లో రెండు కర్రలు, ఎదుట మంచు పరుచుకున్న నేల ఉంటే చాలు. ఎత్తు వస్తే ఎక్కాలి, పల్లం వస్తే జారాలి, మిగిలిన దారంతా సొంత కండబలంతో సాగాలి. ఖర్చు తక్కువ, బాట అందరిదీ కావడంతో నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో ఇది ఊరి ఆటగా స్థిరపడింది. దానికి రూపం ఇచ్చినవి స్కీ క్లబ్బులు. ప్రపంచ విజేతా, ఊరి బడి పంతులూ, డెబ్బై ఏళ్ళ రైతూ ఒకే రోజు, ఒకే బాటలో, ఒకే ముగింపు గీత కోసం పోటీ పడే ఆట క్రీడాలోకంలో అరుదు. ఆ ఏర్పాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. దాని వెనక రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది.

స్కీ అంతకంటే చాలా పాతది. ఉత్తర స్వీడన్‌లోని కాల్వ్‌త్రెస్క్ దగ్గర 1924లో బయటపడిన చెక్క స్కీల వయసు సుమారు 5,200 ఏళ్ళు. వేటకూ, రెయిన్‌డీర్ మందలు కాయడానికీ, చలికాలంలో పక్క ఊరికి వెళ్ళడానికీ అదే సాధనం. పోటీగా మార్చింది మాత్రం సైన్యం. 1747 నుంచి నార్వేలో స్కీ దళాలున్నాయి. 1767లో ఆ సైనికుల కోసం నియమాలు రాసి, బహుమతులు ప్రకటించి పోటీలు పెట్టారు. చెట్ల మధ్య నుంచి పడిపోకుండా జారడం, పూర్తి సైనిక సామగ్రి మోస్తూ చదునైన నేల మీద పరుగు తీయడం వాటిలో ఉండేవి. సామాన్య పౌరుల పోటీ 1843లో త్రోమ్సో పట్టణంలో జరిగింది.

1861లో త్రిసిల్ లోయ రైతులు తుపాకీ గురికీ స్కీకీ కలిపి ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రపంచంలోని తొలి స్కీ క్లబ్బుల్లో అదొకటి. మరుసటి ఏడు అక్కడ జరిగిన పోటీలో ఇంగ్రిడ్ వెస్ట్‌బీ అనే అమ్మాయి జనం ముందు స్కీలతో గెంతి చూపించింది. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా ఆడవాళ్ళకు ఈ ఆటలో ఎదురైన అడ్డంకులు తలచుకుంటే, ఆ క్లబ్బు తొలి పోటీల్లోనే ఒక అమ్మాయి ఉండడం గుర్తుంచుకోదగిన విషయం. నేటి ఓస్లో నగరంలో 1877లో క్రిస్టియానియా స్కీ క్లబ్బు, 1883లో స్కీ క్రీడాభివృద్ధి సంఘం ఏర్పడ్డాయి. ఈ రెండో సంఘమే 1892 నుంచి హోల్మెన్‌కోలెన్ పోటీలు నడుపుతోంది. ఓస్లో చుట్టూ అడవుల్లో 2,000 కిలోమీటర్లకు పైగా స్కీ బాటలు సిద్ధం చేసేదీ, పిల్లలకు స్కీ బడి నడిపేదీ అదే. ట్రామ్ దిగి స్కీలు కట్టుకుని, దీపాలు వెలిగించిన అడవిబాటలో సాయంత్రం సాధన చేసుకుని ఇంటికి వచ్చే నగర జీవితం ఈ సంఘాల చలవే.

స్వీడన్‌లో తొలి పెద్ద పోటీ పుట్టింది ఇద్దరు మనుషుల మాట నిలబెట్టడానికి. 1883లో అన్వేషకుడు నోర్డెన్‌షోల్డ్ గ్రీన్‌లాండ్ యాత్రలో ఉత్తరాది ఆదివాసులైన ఇద్దరు సామి జాతీయులు మంచుపీఠం లోపలికి స్కీల మీద వెళ్ళి 57 గంటల్లో తిరిగొచ్చారు; వెళ్ళిరావడం కలిపి 460 కిలోమీటర్లు తిరిగామన్నారు. జనం నమ్మలేదు. దాంతో 1884 ఏప్రిల్‌లో యోక్‌మోక్ నుంచి క్విక్‌యోక్ వెళ్ళి తిరిగి వచ్చేలా 220 కిలోమీటర్ల పందెం పెట్టారు. ఆ ఇద్దరిలో ఒకడైన పావ్వా లార్స్ తుయోర్దా 21 గంటల 22 నిమిషాల్లో మొదటివాడిగా వచ్చాడు. చెక్క స్కీలు, తోలు బూట్లు, ఏప్రిల్ మంచు. ఆ తర్వాత అనుమానించినవాళ్ళు తగ్గారు. దూరం మీద మోజు మాత్రం స్వీడన్‌లో అలాగే ఉండిపోయింది.

ఆ మోజుకు కథ తోడైంది 1922లో. ఆ కథ 1520 నాటిది. డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ ఆ ఏడు నవంబరులో స్టాక్‌హోమ్‌లో స్వీడన్ ప్రముఖులను వరసబెట్టి నరికించాడు. చనిపోయినవారిలో గుస్తావ్ వాసా అనే యువ ప్రభువు తండ్రి కూడా ఉన్నాడు. తిరుగుబాటుకు మనుషుల్ని కూడగట్టడానికి గుస్తావ్ దలార్నా ప్రాంతంలోని మోరా వచ్చాడు. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. అతను నార్వే సరిహద్దు వైపు పారిపోయాడు. ఈలోగా మోరా జనం మనసు మార్చుకుని, లార్స్, ఎంగెల్‌బ్రెక్ట్ అనే ఇద్దరు స్కీ వీరుల్ని వెంట పంపారు. వాళ్ళు సేలెన్ దగ్గర అతన్ని అందుకుని వెనక్కి తెచ్చారు. 1523 జూన్ 6న గుస్తావ్ రాజయ్యాడు. ఈ వివరాల్లో చాలావాటికి ఆధారాలు పలచనే, అయినా దలార్నాలో ప్రతి పిల్లవాడికీ ఈ కథ తెలుసు.

నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 1922 ఫిబ్రవరిలో, వెస్తెరోస్ పట్టణంలో పత్రికా సంపాదకుడిగా ఉన్న అందెర్స్ పెర్స్ ఆ దారిలోనే ఒక పోటీ పెట్టాలని తన పత్రికలో రాశాడు. ఆయన సొంత ఊరు మోరానే. అక్కడి క్లబ్బు ఐఎఫ్‌కే మోరా పని మీద వేసుకుంది. రెండు నెలలైనా తిరగకముందే, మార్చి 19న, సేలెన్‌లో 119 మంది బయల్దేరారు. దూరం 90 కిలోమీటర్లు. ఉత్తరాన నూర్‌షో క్లబ్బు నుంచి వచ్చిన ఎర్న్‌స్ట్ ఆల్మ్ 7 గంటల 32 నిమిషాల 49 సెకన్లలో మోరా చేరాడు. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. ఆ పోటీకి వాసలోప్పెట్ అని పేరు.

నేటికీ దాని యజమానులు మొదలు ఊరి క్లబ్బు, ముగింపు ఊరి క్లబ్బు: సేలెన్స్ ఐఎఫ్, ఐఎఫ్‌కే మోరా. ఇంత పెద్ద క్రీడా సంరంభం ఏ కంపెనీ చేతికీ పోకుండా రెండు గ్రామీణ సంఘాల చేతుల్లో నిలవడం దాని చరిత్రలో అన్నింటికంటే విలువైన అంశం. ప్రధాన పోటీకి 15,800 మందిని తీసుకుంటారు. బాట పొడవునా స్మోగన్, మోంగ్స్‌బోదర్నా, రిస్‌బెర్గ్, ఎవెర్ట్స్‌బెర్గ్, ఓక్స్‌బెర్గ్, హోక్‌బెర్గ్, ఎల్ద్రిస్ అని ఏడు మజిలీలు. అక్కడ వేడివేడి బ్లూబెర్రీ సూపు పోసేది స్వచ్ఛందంగా వచ్చే ఊరిజనం, క్లబ్బు సభ్యులు, వాళ్ళ పిల్లలు. ఒక్కో మజిలీకి గడువు ఉంటుంది. గడువు దాటితే బాటకు అడ్డంగా తాడు కట్టేస్తారు. ఇన్ని వేలమందిని ఒక్కసారి వదిలితే తొలి మూడు కిలోమీటర్ల ఎక్కుడులోనే ఇరుక్కుపోతారు కాబట్టి, వెనకటి పోటీల్లో వచ్చిన సమయాన్ని బట్టి వరసలు కేటాయిస్తారు. కొత్తవాళ్ళు చిట్టచివర. ముందు వరస సంపాదించాలంటే చలికాలమంతా చిన్నచిన్న క్లబ్బు పోటీల్లో మంచి సమయం నమోదు చేయాలి. పెద్ద పోటీ పేరున చిన్న క్లబ్బు పోటీలు బతుకుతున్నది అలాగే.

ఈ చరిత్రలో ఒక మచ్చ ఉంది. రెండో ఏడాది, 1923లో, వ్యాయామ ఉపాధ్యాయిని మార్గిట్ నోర్దిన్ 90 కిలోమీటర్లూ పూర్తి చేసింది, పది గంటల పైచిలుకు సమయంలో. మరుసటి ఏడే ఆడవాళ్ళ ప్రవేశం నిషేధించారు. ఆడవాళ్ళ ఆరోగ్యానికి దూరం మంచిది కాదన్నది నాటి వాదన. పూర్తి చేసి చూపించిన మనిషి కళ్ళెదుటే ఉండగా ఆ వాదన ఎలా నిలిచిందో అర్థం చేసుకోవడం కష్టం. మధ్యకాలంలో మగవేషం వేసుకుని పరుగు పూర్తి చేసినవాళ్ళున్నారు. తలుపు తెరుచుకున్నది 1981లో. ఒలింపిక్స్‌దీ అదే తీరు: 1924లో షామొనీలో మగవాళ్ళు 50 కిలోమీటర్లు పోటీపడ్డారు, ఆడవాళ్ళకు 1952 ఓస్లోలో తొలిసారి 10 కిలోమీటర్లు దక్కాయి. ప్రపంచకప్‌లో ఇద్దరికీ ఒకే దూరాలు పెట్టింది 2022–23 సీజన్‌లో.

నార్వే తన కథను 1932లో బాట ఎక్కించింది. 1206 శీతాకాలంలో, అంతర్యుద్ధం నడుమ, బిర్కెబైనర్ పక్షానికి చెందిన ఇద్దరు స్కీవీరులు రెండేళ్ళు నిండని రాకుమారుడు హోకోన్‌ను లిల్లెహామర్ నుంచి కొండలు దాటించి ఓస్తెర్దాల్ లోయకు చేర్చారు. ఆ పసివాడు 1217లో రాజయ్యాడు. ఆ జ్ఞాపకంగా రేనా నుంచి లిల్లెహామర్ దాకా జరిగే 54 కిలోమీటర్ల బిర్కెబైనర్ పోటీలో ప్రతి ఒక్కరూ వీపున కనీసం 3.5 కిలోల సంచి మోయాలి. అది ఆ పసివాడి గుర్తు. ఇక్కడి అసలు తెలివి బ్యాడ్జి లెక్కలో ఉంది. వయసుల వారీ తరగతులుంటాయి. ఒక తరగతిలో ముందొచ్చిన ఐదుగురి సగటు సమయం తీసి, దానికి పాతిక శాతం కలుపుతారు. అంతలోపు వచ్చిన వారందరికీ బ్యాడ్జి. సగటు 4 గంటలైతే గడువు 5 గంటలు. మంచు మెత్తబడి అందరూ ఆలస్యమైతే గడువూ సాగుతుంది. అరవై ఐదేళ్ళ మనిషి పోటీ అరవై ఐదేళ్ళవాళ్ళతోనే, పాతికేళ్ళ కుర్రవాడితో కాదు. అందుకే యాభై దాటినవాళ్ళు కూడా ఏటేటా పట్టు వదలకుండా సాధన చేస్తారు. ప్రపంచ మాస్టర్స్ పోటీలు కూడా 30 ఏళ్ళు దాటినవాళ్ళను ఐదేసి ఏళ్ళ తరగతులుగా విడదీస్తాయి.

సాధన మొదలయ్యేది స్కీని అర్థం చేసుకోవడంతో. సంప్రదాయ పద్ధతి స్కీ మధ్యభాగం కొంచెం పైకి వంగి ఉంటుంది. రెండు కాళ్ళ మీద బరువు సమానంగా ఉన్నప్పుడు ఆ భాగం మంచుకు తగలదు, స్కీ జారుతుంది. ఒక కాలి మీద బరువంతా వేసి తన్నితే ఆ వంపు అణిగి, అక్కడ పూసిన పట్టు మైనం మంచుకు అంటుకుంటుంది. ఆ ఆనికతో ముందుకు పోవచ్చు. గడ్డకట్టే చలికి గట్టి మైనం, మంచు కరిగేవేళ మెత్తనిది, కరిగి మళ్ళీ గడ్డకట్టిన మంచుకైతే ట్యూబులోంచి పిండే జిగురులాంటి క్లిస్టర్. ఎంపిక తప్పితే ఎంత బలవంతుడైనా ఎక్కుడులో వెనక్కి జారతాడు. పోటీ ముందురోజు రాత్రి క్లబ్బు గదిలో ఇస్త్రీపెట్టెలాంటి సాధనంతో మైనం కరిగించి రుద్దడం, పొద్దున్నే ఉష్ణోగ్రత చూసి మళ్ళీ మార్చడం పెద్దలు పిల్లలకు నేర్పే తొలి విద్యల్లో ఒకటి. జారుడుకు బాగా పనిచేసిన ఫ్లోరిన్ మైనాలు ఆరోగ్యానికీ నేలకూ హాని కాబట్టి అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023–24 నుంచి నిషేధించింది. చెక్క స్కీల యుగం అంతకు ముందే ముగిసింది: 1974 ఫాలున్ ప్రపంచ పోటీల్లో స్వీడన్‌కు చెందిన థామస్ మాగ్నుసన్ ఫైబర్‌గ్లాస్ స్కీల మీద 30 కిలోమీటర్లు గెలిచాక తారు పూసిన చెక్కకు పోటీల్లో చోటు లేకుండా పోయింది.

పద్ధతి కూడా మారింది. ఫిన్లాండ్‌కు చెందిన పౌలి సీతోనెన్ సుదీర్ఘ పోటీల్లో ఒక కాలిని పక్కకు తన్నే అడుగును ప్రచారంలోకి తెచ్చాడు. అమెరికన్ బిల్ కోచ్ దాన్ని ప్రపంచకప్ దాకా తీసుకెళ్ళి 1982లో విజేత అయ్యాడు. రెండు కాళ్ళతో తన్నే స్కేటింగ్ దానికి తరువాయి. 1985 సేఫెల్డ్ ప్రపంచ పోటీల్లో దాదాపు అందరూ అలాగే పోయారు. పాత పద్ధతి అంతరించిపోతుందన్న భయంతో సమాఖ్య పోటీలను సంప్రదాయ, స్వేచ్ఛా పద్ధతులుగా విడదీసింది. వాసలోప్పెట్ సంప్రదాయానికే కట్టుబడింది. అయితే 2010 తర్వాత అగ్రశ్రేణివాళ్ళు కాలితో తన్నడమే మానేసి, పట్టు మైనం పూయకుండా, రెండు చేతికర్రలు ఒకేసారి గుచ్చి నెడుతూ 90 కిలోమీటర్లూ లాగేస్తున్నారు. 2021లో తోర్డ్ అస్లె యెర్డాలెన్ 3 గంటల 28 నిమిషాల 18 సెకన్లలో పూర్తి చేశాడు. ఆల్మ్ తీసుకున్న సమయంలో సగం కూడా కాదు.

క్లబ్బు సాధన ఏడాది పొడవునా సాగుతుంది. మంచు లేని నెలల్లో చక్రాల స్కీలు, చేతికర్రలతో కొండ ఎక్కే పరుగులు, అడవుల్లో సుదీర్ఘ నడక. పెద్దలు చేసే సాధనలో ఎక్కువ భాగం పక్కవారితో మాట్లాడుతూ సాగగలిగినంత తేలిక వేగంలోనే ఉంటుంది. వారంలో ఒకటి రెండుసార్లు నాలుగైదు నిమిషాల చొప్పున గట్టి ఎక్కుడులు. చిన్నపిల్లలకు ఇవేవీ ఉండవు. మంచులో గుట్టలు పేర్చి, వంపులు పెట్టి, ఒకరినొకరు తరిమి పట్టుకునే ఆటలు ఆడిస్తారు. చేతికర్రలు తీసేసి ఒంటికాలి మీద జారమంటారు, నిలకడ దానంతటదే వస్తుంది. నార్వే క్రీడా సమాఖ్య 1987లో పిల్లల క్రీడలకు ప్రత్యేక నియమాలు, 2007లో హక్కుల పత్రం ఆమోదించింది. వాటి ప్రకారం ఆరేళ్ళ నుంచి సొంత క్లబ్బు పోటీల్లో పాల్గొనవచ్చు. 11వ ఏడు వచ్చేదాకా ఫలితాల జాబితా, ర్యాంకులు ఉండవు. బహుమతి ఇస్తే అందరికీ ఇవ్వాలి. 13 దాకా జాతీయ ఛాంపియన్‌షిప్ మాటే లేదు. శీతాకాల ఒలింపిక్స్‌లో అన్ని దేశాలకంటే ఎక్కువ పతకాలు గెలిచిన దేశం పదేళ్ళ పిల్లలకు ర్యాంకులివ్వకపోవడం, మూడో తరగతి నుంచే ర్యాంకుల పరుగు పెట్టించే ప్రతి సమాజమూ ఆలోచించవలసిన సంగతి.

ఈ సుదీర్ఘ పోటీలు సముద్రం దాటి కూడా పాకాయి. అమెరికాలో 1973లో విస్కాన్సిన్‌లో మొదలైన అమెరికన్ బిర్కెబైనర్‌కు తొలి ఏడు వచ్చినవారు 35 మంది. ఇప్పుడు వేలల్లో వస్తారు. 1978లో ఇలాంటి పోటీలు వరల్డ్‌లోపెట్ పేరుతో ఒక గొడుగు కిందికి చేరాయి. భారతదేశంలో ఈ క్రీడ నార్వేలో మొదలైనట్టే సైన్యంతో ముడిపడింది. గుల్‌మార్గ్‌లోని సైనిక పర్వత యుద్ధ పాఠశాల 1948లో స్కీ బడిగా మొదలైంది. 2014లో నదీమ్ ఇక్బాల్, 2018లో జగదీశ్ సింగ్ ఒలింపిక్స్ క్రాస్‌కంట్రీలో భారత్ తరఫున నిలిచిన సైనికులు. క్లబ్బులు, వయసుల వారీ పోటీలు మాత్రం ఇక్కడ ఇంకా బలపడలేదు.

ఇప్పుడు అన్ని క్లబ్బులదీ ఒకే దిగులు, మంచు. వాసలోప్పెట్ 1932, 1934, 1990 సంవత్సరాల్లో మంచు లేక రద్దయింది. ఇప్పుడు బాట మీద ఫిరంగుల్లాంటి యంత్రాలతో కృత్రిమ మంచు చల్లి పోటీని కాపాడుకుంటున్నారు. స్వీడన్‌లో ఓస్తెర్సుండ్, ఫిన్లాండ్‌లో వుఓకత్తి, స్విట్జర్లాండ్‌లో దావోస్ వంటిచోట్ల చలికాలంలో తయారుచేసిన మంచును గుట్టగా పోసి, మందంగా రంపపుపొట్టు కప్పి వేసవంతా నిల్వ ఉంచుతారు. శరత్కాలంలో పొట్టు తొలగించి, ఆ మంచును కొద్ది కిలోమీటర్ల బాటగా పరుస్తారు. అసలు మంచు పడేదాకా క్లబ్బుల సాధన దాని మీదే.