తేటనీటి దోషము

నీటి మంచిచెడ్డలు తెలిసికొనుటకు మన పల్లెలలో మూడు పరీక్షలున్నవి. కంటికి తేటగా నుండవలెను. నోటికి రుచిగా నుండవలెను. కందిపప్పు త్వరగా నుడుకవలెను. ఈ మూటికిని నిలిచిన నీరే తరతరములుగా జనులను క్రుంగదీసిన చరిత్ర యొకటి మన తెలుగునాటనే కలదు. పెద్దలారా! నేడు దానిని మనవి చేయుదును.

కొన్ని యేండ్ల క్రిందట కనిగిరి ప్రాంతమున నొక వృద్ధుని చూచితిని. "మా బావినీరు కొబ్బరినీళ్లే బాబూ" అని యాయన నాకు చెంబు నందించెను. కాని తలయెత్తి నా ముఖము చూడలేకపోయెను. ప్రక్కకు చూడవలెనన్న మెడ తిరుగదు, దేహమంతయు త్రిప్పవలసినదే. ఆయన మనుమని పండ్లపై గోధుమవన్నె చారలుండెను. ఒకే బావి తాత వెన్నునందును, మనుమని పండ్లయందును తన గుఱుతు పెట్టినది.

ఆ సీమ 1970 వఱకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ జిల్లాలో నిట్టి రోగులను పరీక్షించి, 1937లో షార్టు అను వైద్యుడును ఆయన సహచరులును తమ పరిశోధనను ప్రకటించిరి. వాతమనియు, ప్రారబ్ధమనియు జనులు సహించుచుండిన యీ బాధకు మూలము త్రాగునీటిలోని ఫ్లోరైడని వారు చూపిరి.

ఫ్లోరైడు కొన్ని రాళ్లలో సహజముగా నుండును. భూగర్భమున నీరు చిరకాలము ఆ రాళ్ల నంటి యుండగా అది కొంచెము కొంచెముగా కరగి నీట చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో కీళ్లు బిగిసి వెన్ను వంగిపోవును. వంగిన వెన్నును మరల నిలుపు మందు లేదు. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును.

ఇందొక విపరీతము గమనింపుడు. కలరాకును, నారికురుపునకును వెఱచి చెఱువునీరు మాని బోరునీరు త్రాగుడని మనకు బోధించిరి. ఆ బోధ తప్పుకాదు. కాని క్రిములు లేని నీరెల్ల నిర్దోషమని తలచుట తప్పయినది.

నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనాలయమువారు 1970 దశకమున పటిక, సున్నము, బ్లీచింగుపొడి కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని కల్పించిరి. ఈ వ్యాధికి మిక్కిలి గుఱియైన నల్లగొండ పేరే దానికి పెట్టిరి. అయితే మందుపాళ్లు నీటినిబట్టి కొలిచి వేయవలెను, మడ్డిని తీసివేయుచుండవలెను. ఈ శ్రద్ధ తప్పినచో ఫలము తప్పును. కావున వీలున్నచోట దూరమునుండియైనను మంచి నదీజలము తెచ్చుకొనుటయే మేలు.

మీ గ్రామమున క్రొత్తబోరు వేసినపుడు, నీరు పడినదని టెంకాయ కొట్టుటతో తృప్తిపడకుడు. ఒక సీసానీటిని పరీక్షకు పంపి, వచ్చిన యంకెను ఊరందఱు చూచునట్లు పంచాయతీ గోడపై వ్రాయింపుడు. పాతబోర్లకును ఇట్లే చేయింపుడు. బడిపిల్లల పండ్లను గూడ ఒకమారు పరికింపుడు. నోరు చెప్పలేని నిజమును అవి చెప్పును.