రాగిరేకుల్లో లేనివాళ్లు

నరసన్నపేట ప్రాంతంలో నడగాం అనే ఊరుంది. అక్కడ దొరికిన రాగిరేకులు ఒక రాజవంశం చరిత్రను వెలుగులోకి తెచ్చాయి. తూర్పు గాంగరాజు వజ్రహస్తుడు శక సంవత్సరం 979లో, అంటే 1057 ప్రాంతంలో, వేయించిన దానశాసనం అది. అతని వంశక్రమం, పూర్వులు పాలించిన కాలం, 1038లో జరిగిన అతని పట్టాభిషేకం అందులో ఉన్నాయి. ఆ రేకులు చదివి 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగో సంపుటంలో అచ్చు వేయించింది పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి.

గిడుగు అంటే మనకు వాడుక భాష ఉద్యమమే గుర్తొస్తుంది. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. కానీ ఆయన ఈ జిల్లాకు తొలి చరిత్రకారుల్లో ఒకరు కూడా. 1863లో వంశధార ఒడ్డున ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పాత లిపులు సొంతంగా నేర్చుకుని ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదివారు. గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. 1919లో శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను గుర్తించారు. 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. గాంగుల రాగిశాసనాలు ఎన్నో ఆ మండలి పత్రికలో అచ్చయ్యాయి.

ఇంత కృషి జరిగినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఈ శాసనాల్లో మనం ఎక్కడున్నాం?

దానశాసనం రాసే తీరు చూడండి. ఇచ్చిన రాజు ఎవరు, పుచ్చుకున్నవాడు ఎవరు, ఊరి హద్దులేమిటి అన్నవి అందులో ఉంటాయి. ఆ నేల దున్నినవాళ్ల పేర్లు సాధారణంగా ఉండవు. కొండ మీద పోడు చేసి కొర్రలు, కందులు పండించినవాళ్ల మాట అసలే ఉండదు. రాగిరేకు దానం పొందినవాడి దగ్గర ఉండే హక్కుపత్రం. మన తాతలకు అలాంటి పత్రం ఎవరూ రాసివ్వలేదు.

అయితే ముఖలింగం స్థలపురాణంలో మనవాళ్లు కనిపిస్తారు. మధుకేశ్వరుడు అనే పేరులోని మధూకం మన ఇప్పచెట్టే. ఆ చెట్టు నుంచే శివుడు వెలిశాడని, అక్కడ సవరలు ఉండేవారని ఆ కథ చెబుతుంది. పూరీ జగన్నాథుని కథలో కూడా దేవుణ్ణి ముందుగా కొలిచినవాడు సవర విశ్వావసువే. పురాణకథను చరిత్రకు రుజువుగా చూపలేం. కానీ ఇంత పెద్ద గుళ్ల కథలు చెప్పేవాళ్లకు సవర లేకుండా కథ మొదలుపెట్టడం కుదరలేదన్న సంగతి మాత్రం గమనించాలి.

రాగిరేకులు చదివిన గిడుగే సవరల మాట కూడా విన్నారు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో ఉంచుకుని సవర నేర్చుకున్నారు. పంతులికి పంతులు ఆ సవర మనిషే. సవర భాష మీద పుస్తకాన్ని 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లో ప్రచురించారు. సవర తెలుగు కుటుంబంలోది కాదు. సంతాలీ, ముండారీ భాషలకు దగ్గరిది. దూరాన కంబోడియా, వియత్నాం భాషలకు కూడా చుట్టం. ఇక 1936లో ఒడిశా వైపు సవరల్లోనే మంగేయి గొమాంగో తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపి రూపొందించారు. బయటి పండితుడు మొదలుపెట్టిన పనిని మనవాళ్లు తమ చేతుల్లోకి తీసుకోగలరనడానికి ఇదే ఉదాహరణ.

ఇప్పుడు ఆ పని మన వంతు. మన దగ్గర రాగిరేకులు లేవు, ముసలివాళ్లు ఉన్నారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను కాల్చి చంపిన నాటికి ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు ఎనభైకి దగ్గర్లో ఉన్నారు. కొండ భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో, షావుకారు అప్పు ఎలా పెరిగేదో చూసినవాళ్లు వాళ్లే. ఒక తాత పోతే ఆ ఊరి లెక్క పోతుంది.

ఇందుకు పెద్ద సంస్థ అక్కర్లేదు. ఒక టీచరు, పదిమంది పిల్లలు, ఒక నోటుపుస్తకం, ఒక ఫోను చాలు. నెలకొకసారి బడిలోనో గ్రామ రచ్చబండ దగ్గరో ఒక పెద్దను కూర్చోబెట్టి అందరూ వినాలి. మీ ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, గెడ్డకు సవరలో ఏమంటారు, కరువులో ఏ దుంప తిన్నారు, కందికొత్తల పండగలో అప్పుడేం చేసేవారు అని అడగాలి. రికార్డు చేసే ముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి. వాళ్ల మాటను ముందు సవరలోనే రాసి, తర్వాత తెలుగులో రాయాలి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పక వేయాలి. పుస్తకాల మాటకూ పెద్దల మాటకూ తేడా వస్తే దిద్దకుండా రెండూ ఉంచాలి. గోడ మీది సవర బొమ్మను ఫొటో తీస్తే, వేసినవారితోనే దాని అర్థం చెప్పించాలి. రాసిందంతా ఆ ఇంటివాళ్లకు చదివి వినిపించి, ఒక ప్రతి వాళ్లకే ఇవ్వాలి.

ఏడాదికొకసారి పిల్లలను ముఖలింగం, శాలిహుండం తీసుకెళ్లండి. గుడి గోడ మీది అక్షరాలు చూపించాక, ఇప్పచెట్టు కథ సవర పిల్లవాడి చేతే చెప్పించండి. తిరిగొచ్చిన వారంలోనే, వాళ్ల ఊళ్లో అందరికన్నా పెద్ద వయసు అవ్వ ఎవరో కనుక్కుని, నోటుపుస్తకం మొదటి పేజీలో ఆమె పేరు రాయించండి.