టర్బో జీపులో బ్యాటరీ పదేపదే డౌన్ అవుతోందా? మార్చే ముందు మీటర్ పెట్టి చూడండి

థార్, స్కార్పియో, బొలెరో, గూర్ఖా లాంటి బండ్లు ఇప్పుడు పట్నంలోనే కాదు, మండల కేంద్రాల్లోనూ ఇళ్ల ముందు కనిపిస్తున్నాయి. ఇప్పుడొచ్చే వీటన్నిటిలోనూ టర్బో ఇంజన్లే. 2020లో వచ్చిన కొత్త థార్‌లో అయితే పెట్రోల్‌కూ డీజిల్‌కూ రెండింటికీ టర్బో ఉంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే "టిక్ టిక్" అని ఆగిపోయిందంటే ఎవరైనా మొదట అనే మాట బ్యాటరీ పోయిందనే. వేలు పోసి కొత్తది వేయిస్తారు. నెల తిరక్కుండానే అదీ డౌన్ అవుతుంది. చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, దాన్ని నింపే డైనమోది (ఆల్టర్నేటర్‌ను మన దగ్గర ఇప్పటికీ డైనమో అనే అంటారు) లేదా మధ్యలో ఉన్న వైర్లది. ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. వోల్టేజ్ తగ్గి పికప్ పడిపోతే, టర్బో పాడైందనుకుని దాన్నే విప్పించేస్తారు. ఈ రెండు ఖర్చులకూ ముందు చేయాల్సిన పని ఒకటే: కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూడటం.

మూడు సమయాలు, మూడు రీడింగులు

మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు ఆనించాలి. మొదటి రీడింగ్ బండి రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున స్టార్ట్ చేయకముందే తీసుకోవాలి. ప్రయాణం చేసొచ్చిన వెంటనే చూస్తే పైపైన ఉన్న చార్జి వల్ల అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. కాబట్టి 12.6 ఉంటే ఫుల్. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12 కిందికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఎంతసేపు చార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే ఒక సెల్ చచ్చిపోయినట్టు. అప్పుడు మాత్రం మార్చక తప్పదు.

రెండోది సెల్ఫ్ కొడుతున్నప్పుడు. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు మీటర్ చూడాలి. డీజిల్ ఇంజన్‌లో కంప్రెషన్ ఎక్కువ, దాన్ని తిప్పడానికి సెల్ఫ్ మోటర్ వందల ఆంపియర్లు లాగుతుంది. చలికాలంలో హీటర్ ప్లగ్‌ల కరెంటు అదనం. అంత లాగినా వోల్టేజ్ 10 దగ్గర నిలబడితే బ్యాటరీ గట్టిగా ఉన్నట్టు. 9.6 కిందికి పడితే అనుమానించాలి, కానీ ముందు ఫుల్ చార్జి చేసి మళ్లీ చూడాలి. ఖాళీ బ్యాటరీకి పరీక్ష పెట్టి ఫెయిల్ అయిందనడం న్యాయం కాదు. వోల్టేజ్ 12 పైనే ఉండి సెల్ఫ్ అసలు తిరగకపోతే, కరెంటు అక్కడిదాకా చేరడం లేదని అర్థం. టెర్మినళ్లు, ఎర్త్ వైరు, సోలనాయిడ్ చూడాలి.

మూడోది ఇంజన్ నడుస్తున్నప్పుడు. 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టు. స్టార్ట్ చేయకముందు ఉన్న అంకె దగ్గరే ఉంటే, ఇంకా తగ్గుతూ పోతుంటే, డైనమో పనిచేయడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు. అలా నడిపితే బ్యాటరీ ఉడికిపోయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. కొత్త బండ్లలో ఒక చిక్కు ఉంది. కొన్నిట్లో డైనమోను కంప్యూటరే నడిపిస్తుంది, బ్యాటరీ నిండుగా ఉంటే చార్జింగ్ తగ్గించేస్తుంది. అందుకే 12.8 చూసి కంగారు పడకూడదు. హెడ్‌లైట్లు, ఏసీ వేసి, కాసేపు నడిపి మళ్లీ చూడాలి.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి చెప్పుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే డైనమో బాగుందని తేల్చే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. పాత జీపుల్లో ఎలాగో చెల్లింది. కంప్యూటర్ ఉన్న బండిలో ఆ ఒక్క క్షణంలో వోల్టేజ్ ఎగిరి ఈసీయూ కాలిపోవచ్చు. ఎవరైనా అలా చేయబోతే అక్కడే ఆపేయాలి.

డైనమో బాగుంది, బ్యాటరీ బాగుంది, మరి ఏంటి?

ఎక్కువ మంది చూడకుండా వదిలేసేది వైర్లనే. ఇంజన్‌ను 1500–2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేయాలి. మీటర్ ఎర్ర వైరు డైనమో వెనక మందపాటి వైరు బిగించిన బోల్టుకు, నల్లది బ్యాటరీ ప్లస్‌కు పెట్టాలి. రెండూ ఒకే తీగకు రెండు చివరలు కాబట్టి తేడా దాదాపు సున్నా ఉండాలి. 0.3 వోల్టులు దాటితే మధ్యలో ఎక్కడో తుప్పో, వదులు బోల్టో ఉంది. అలాగే డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూడాలి. 0.2 దాటితే ఎర్త్ సరిగా లేదు. గుంతల్లో, రాళ్లల్లో తిరిగే బండిలో ఎర్త్ బోల్టులు వదులవడం మామూలే. ఇసుక కాగితంతో రుద్ది బిగిస్తే పోయేదానికి డైనమో మార్చిన సందర్భాలు తక్కువేం కాదు.

డయోడ్ల సంగతి కూడా ఇదే మీటర్ చెబుతుంది. ఇంజన్ నడుస్తుండగా మీటర్‌ను ఏసీ వోల్టులకు తిప్పి బ్యాటరీ మీద పెడితే అర వోల్టు దాటకూడదు. దాటితే డైనమోలో డయోడ్ పోయింది. అలాంటి డయోడ్ రాత్రిపూట బ్యాటరీని తాగేస్తుంది కూడా. రాత్రంతా ఆగిన బండిలో ఇంజన్ చల్లగా ఉండి డైనమో ఒక్కటే గోరువెచ్చగా తగిలితే దొంగ దొరికినట్టే.

ఇవన్నీ చేసేటప్పుడు బెల్టు, ఫ్యాన్ తిరుగుతుంటాయి, టర్బో కాలుతుంటుంది. దుపట్టా, వదులు చేతుల కుర్తా, చేతి గొలుసు దగ్గరికి రానివ్వకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

టర్బో ఎక్కడ కలుస్తుంది?

టర్బో తిరిగేది సైలెన్సర్ వైపు వెళ్లే వేడి పొగతో. ఆ పొగ వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఘాట్ రోడ్డులోనో, ఇసుకలోనో మొదటి గేరులో నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు బోనెట్ కింద గాలి ఆడదు, ఫ్యాన్లు ఫుల్‌గా తిరుగుతాయి, ఇంజన్ స్పీడు మాత్రం తక్కువే. డైనమో వేడెక్కే కొద్దీ ఇచ్చే కరెంటు తగ్గుతుంది. అందుకే పొద్దున షెడ్డులో 14.2 చూపించిన బండి గంట తర్వాత కొండ మీద 13 కిందికి రావచ్చు. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే చూసి "అంతా బాగుంది" అనేయడం సగం పరీక్షే. వేడి మీద మళ్లీ చూడాలి. టర్బో మీద ఉండే రేకు కవచాన్ని రిపేరు తర్వాత తిరిగి బిగించకపోతే దగ్గరి వైర్ల తొడుగు ఎండి పగులుతుంది.

వోల్టేజ్ పడితే టర్బో కూడా మొరాయిస్తుంది. చాలా టర్బోల్లో గాలి ఒత్తిడిని సర్దే పరికరం కరెంటుతోనో, కరెంటు వాల్వు నడిపే వాక్యూమ్‌తోనో పనిచేస్తుంది. అది కదలకపోతే కంప్యూటర్ ఇంజన్ శక్తిని తగ్గించేస్తుంది, బండి ఎక్కదు. స్కానర్ పెడితే పి 0299 కోడ్, అంటే టర్బో ఒత్తిడి చాలడం లేదని వస్తుంది. దాంతోపాటు పి 0562 కూడా ఉంటే, అది సిస్టమ్ వోల్టేజ్ తక్కువని చెప్పే కోడ్, ముందు చార్జింగ్ సరిచేయాలి. 0299 ఒక్కటే ఉండి వోల్టేజ్ బాగుంటే అప్పుడు ఇంటర్‌కూలర్ పైపులు, క్లిప్పులు చూడాలి.

కొన్ని డీజిల్ ఇంజన్లలో వాక్యూమ్ పంపు డైనమో వెనకే, అదే షాఫ్టు మీద ఉంటుంది. బెల్టు జారితే చార్జింగ్ తగ్గుతుంది, బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది, టర్బో కూడా మందగిస్తుంది. మూడు జబ్బుల్లా కనిపించినా మందు ఒక్క బెల్టే. పైగా పంపు సీలు కారితే ఆయిల్ డైనమోలోకి దిగి కార్బన్ బ్రష్‌లను పాడుచేస్తుంది. బ్రేక్ పెడల్ గట్టిపడి బ్యాటరీ లైటు కూడా వెలిగితే బండిని అక్కడే ఆపడం మంచిది.

వాగు దాటాక బురద కూడా ఆ బ్రష్‌ల దగ్గరే చేరుతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లతో మెల్లగా కడిగి, ఆరనివ్వాలి. ప్రెషర్ వాషర్ నేరుగా డైనమో మీద పెట్టకూడదు. విన్చ్ బిగించుకున్నవాళ్లు ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. బరువు మీద అది 400 ఆంపియర్ల దాకా లాగగలదు, ఏ డైనమో అంత ఇవ్వదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఆపి ఆపి లాగాలి.

నిలిపి ఉంచిన బండి

ఇంటాయన గల్ఫ్‌లో ఉంటే బండి ఊళ్లో నెలల తరబడి నిలబడే ఉంటుంది. తాళం తీసేసినా అలారం, కంప్యూటర్ కొంచెం కొంచెం కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు మామూలే. అయితే 30 మిల్లీ ఆంపియర్లే అయినా రెండు నెలల్లో 43 ఆంపియర్ అవర్లు ఖాళీ. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇక మిగిలేది ఎంత? మైనస్ టెర్మినల్ విప్పి పెట్టడం తేలిక. రోజూ వాడే బండే రెండు మూడు రోజులు ఆగితే డౌన్ అవుతోందంటే లీకేజీ ఉంది. మైనస్ టెర్మినల్ విప్పి, మీటర్‌ను 10 ఆంపియర్ల దగ్గర పెట్టి, విప్పిన తీగకూ మైనస్‌కూ మధ్య కలపాలి. ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య మాత్రం పెట్టొద్దు, మీటర్ ఫ్యూజు పోతుంది. డోర్లు మూసి, కంప్యూటర్ నిద్రలోకి వెళ్లేదాకా అరగంట ఆగి చూడాలి. మీటర్ కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు. అంకె ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు పడిపోతుందో ఆ లైన్‌లోనే తప్పుంది. షోరూమ్ నుంచి వచ్చిన తర్వాత బయట పెట్టించిన యాంప్లిఫయర్, లైట్ బార్, జీపీఎస్ వైర్లను మొదట చూస్తే సగం సమయం మిగులుతుంది.