కోరంగి: వనభోజనాల వెనుక ఒక రేవు

కార్తిక వనభోజనాలకు ఈసారి సముద్రతీరం చూద్దామని మా నాగోలు ఇరుగుపొరుగువారు అన్నప్పుడల్లా నేను కాకినాడ చెంతనున్న కోరంగి పేరే చెబుతాను. మడచెట్ల నడుమ చెక్కబాటపై నడక, కాలువలో పడవ షికారు పిల్లలకు ముచ్చట గొలుపుతాయి.

అయితే కోరంగి ఒకనాడు ఓడలు కట్టిన రేవు. బర్మాకు వలసవెళ్ళిన తెలుగువారికి అక్కడ ‘కోరంగీలు’ అన్న పేరు ఈ రేవు వల్లనే వచ్చింది. 1789 డిసెంబరులోను, మరల 1839 నవంబరులోను ఉప్పెన దానిని ముంచెత్తింది. రేవు వైభవం గతించింది.

1978లో అభయారణ్యమైన ఆ మడ అడవి అలల ఉరవడిని తగ్గించే పెట్టనికోట. కనుక విహారానికి వెళ్ళినవారు పొయ్యిలోకని ఎండుకొమ్మనైనా విరవరాదు. వనభోజనమంటే వనంలో భుజించడమే గాని, వనాన్ని భుజించడం కాదు గదా!